వందమందిలో ఆ ఏడుగురు ఎవరు?

అమెరికాలో ప్రభుత్వమే ఏటా ఒక పెద్ద సర్వే చేయిస్తుంది. 12 ఏళ్లు నిండినవాళ్లను కలిసి మందు, సిగరెట్లు, డ్రగ్స్ అలవాట్ల గురించి అడుగుతారు. 2019లో ఆ సర్వే తేల్చినదాని ప్రకారం ఆ దేశంలో ఆల్కహాల్ యూజ్ డిజార్డర్, అంటే తాగుడు అదుపు తప్పి జబ్బుగా మారిన స్థితి, ఉన్నవాళ్లు 1.45 కోట్ల మంది. 2020లో అదే సర్వే చెప్పిన లెక్క 2.83 కోట్లు. శాతాల్లో చూస్తే 5.3 కాస్తా 10.2 అయింది.

ఒక్క ఏడాదిలో రోగులు రెట్టింపయ్యారా అంటే, కాలేదు. అది కరోనా ఏడాది. ఇళ్లకు వెళ్లి అడగడం కుదరక సర్వే కొంత ఆన్‌లైన్‌లోకి మారింది. దాని ప్రభావం ఎంతో కొంత ఉంటుంది. కానీ అసలు కారణం వేరే ఉంది. 2019 దాకా రోగాన్ని 1994 నాటి నిర్వచనంతో గుర్తించారు, 2020 నుంచి 2013 నాటి నిర్వచనంతో గుర్తిస్తున్నారు. దాంతో అంతకుముందు ఏ లెక్కలోకీ రానివాళ్లు కోటి మందికి పైగా కొత్తగా వచ్చి చేరారు.

నా ఆలోచనంతా ఆ కోటి మంది గురించే. వాళ్లు 2019లో కూడా ఉన్నారు. రోజూ ఉద్యోగానికి వెళ్తూ, పిల్లల్ని స్కూల్లో దింపుతూ, ఈఎమ్ఐలు కట్టుకుంటూ ఉన్నారు. తమకేదో సమస్య ఉందని వాళ్లూ అనుకోలేదు, ఇంట్లోవాళ్లూ అనుకోలేదు.

నేను డాక్టర్ని కాదు. మా ఇంట్లో జరిగిన ఒక సంఘటన వల్ల ఈ విషయం మీద పట్టుదల పెరిగి, దొరికిన సర్వే రిపోర్టులన్నీ చదువుతూ వచ్చాను. చదివేకొద్దీ ఒకటి బలంగా అనిపిస్తోంది. తాగుడు రోగం అనగానే మన కళ్లముందు మెదిలే మనిషి ఒకడున్నాడు. రోడ్డు పక్కన పడిపోయినవాడు, ఇంట్లో సామాన్లు అమ్మి తాగేవాడు, పెళ్లాం పిల్లల్ని కొట్టేవాడు. అలాంటివాళ్లు ఉన్నారు, వాళ్ల కుటుంబాల కష్టం చిన్నది కాదు. కానీ ఈ రోగం ఉన్నవాళ్లందరిలో వాళ్లు కొద్దిమందే. మనం అలాంటివాడి కోసమే చూస్తున్నంతకాలం, మన పక్క కుర్చీలో కూర్చుని పనిచేసుకునే మిగతావాళ్లు మన కంట పడరు. ఇది ఎంత సాధారణమైన జబ్బో ఒప్పుకుంటే తప్ప, దాన్ని మొదట్లోనే పట్టుకోవడం కుదరదు.

ముందు ప్రపంచం లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, 2019లో 15 ఏళ్లు దాటినవాళ్లలో 40 కోట్ల మందికి ఈ రోగం ఉంది. అంటే వందకి ఏడుగురు. వీళ్లలో మందు లేకపోతే ఉండలేని స్థితికి చేరినవాళ్లు 20.9 కోట్లు. ఆ ఒక్క ఏడాదే మద్యం వల్ల 26 లక్షల మంది చనిపోయారు, అందులో 20 లక్షల మంది మగవాళ్లు. ఇదే సంస్థ 2018లో ఇచ్చిన నివేదికలో రోగుల సంఖ్య 28.3 కోట్లే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి "అమ్మో, ఇంత పెరిగిందా" అనుకోవడం తొందరపాటు. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి తలసరి మద్యం వాడకం, అందులోని అసలు ఆల్కహాల్ లెక్కన, 2010లో 5.7 లీటర్లుంటే 2019కి 5.5కి తగ్గింది. తాగుడు తగ్గుతూ రోగం ఇంత ఎత్తున పెరగదు. లెక్కగట్టే తీరు మారితే అంకె మారుతుంది.

ఆ లెక్కగట్టే తీరు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే కథంతా అక్కడే ఉంది.

1994లో అమెరికన్ సైకియాట్రిస్టుల సంఘం ఇచ్చిన నిర్వచనంలో రెండు గదులుండేవి. ఒకటి దుర్వినియోగం, రెండోది బానిసత్వం. మొదటి గదిలో పడటానికి ఒక్క లక్షణం చాలు, రెండో గదికి మూడు కావాలి. మరి రెండో గది లక్షణాలు రెండే ఉండి, మొదటి గదివి ఒక్కటీ లేనివాళ్ల సంగతేంటి? వాళ్లు ఎక్కడా లేరు. మానేద్దామని ఎన్నిసార్లనుకున్నా మానలేకపోతున్న మనిషి, అనుకున్నదానికన్నా ప్రతిసారీ ఎక్కువ తాగే మనిషి, కాగితం మీద పూర్తి ఆరోగ్యవంతుడు. 2013లో ఆ రెండు గదుల మధ్య గోడ తీసేశారు. ఇప్పుడు మొత్తం 11 లక్షణాలు. పన్నెండు నెలల్లో వాటిలో ఏ రెండు కనిపించినా రోగం ఉన్నట్టే. రెండు మూడుంటే తేలికపాటిది, నాలుగైదుంటే మధ్యస్థం, ఆరు, ఆపైన ఉంటే తీవ్రం. పోలీసు కేసుల్లో ఇరుక్కోవడం అనే పాత లక్షణాన్ని తీసేసి, తాగాలని మనసు లాగేయడం అనేదాన్ని కొత్తగా చేర్చారు.

ఆ పదకొండూ చదువుతుంటే నాకు ఆశ్చర్యమేసింది. వాటిలో చాలావరకు బయటివాళ్లకి కనిపించేవి కావు. ఒకప్పుడు రెండు పెగ్గులకి వచ్చే కిక్కు ఇప్పుడు నాలుగైతే తప్ప రాకపోవడం. లివర్ దెబ్బతింటోందనో నిద్ర పాడవుతోందనో తెలిసి కూడా కొనసాగించడం. సాయంత్రం క్రికెట్ ఆడే అలవాటు మెల్లగా పోయి ఆ టైమంతా మందుకే పోవడం. తాగి బండి నడపడం. పొద్దున్నే చేతులు వణకడం. తూలడం, అరవడం, కొట్టడం ఆ లిస్టులో విడిగా ఎక్కడా లేవు.

ఈ కొత్త నిర్వచనంతో అమెరికాలో 2012–13లో 36 వేల మందికి పైగా పెద్దవాళ్లను ముఖాముఖి కూర్చోబెట్టి అడిగారు. గడిచిన ఏడాదిలో రోగం ఉన్నవాళ్లు 13.9 శాతం. అందులో తేలికపాటివాళ్లు 7.3, మధ్యస్థం 3.2, తీవ్రం 3.4. సగానికి పైగా తేలికపాటి వాళ్లే. 18 నుంచి 29 ఏళ్ల మధ్యవాళ్లను విడిగా చూస్తే 26.7 శాతం, అంటే నలుగురు కుర్రాళ్లలో ఒకరికి పైగానే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. కాలేజీ కుర్రాడు ఫ్రెండ్స్‌తో కూర్చుని అనుకున్నదానికన్నా రెండు ఎక్కువ తాగాడు, మునుపటికంటే కాస్త తట్టుకోగలుగుతున్నాడు. రెండు లక్షణాలు వచ్చేశాయి. వాడికి జబ్బు అని ముద్ర వేసేస్తామా? ఇరవై ఎనిమిదో ఏట పెళ్లయ్యాక వాడంతట వాడే తగ్గించేస్తే, మనం లెక్కపెట్టింది రోగాన్నా, వయసునా? మానసిక వైద్యుల్లోనే ఈ వాదన చేసేవాళ్లున్నారు. వాళ్లు చెప్పేదాంట్లో నిజముంది. రెండు లక్షణాలవాడినీ తొమ్మిది లక్షణాలవాడినీ ఒకే మాటతో పిలిచి, ఇద్దరినీ కలిపి ఒకే అంకెగా పేపర్లో వేస్తే అది జనాన్ని గందరగోళపెట్టడమే. అందుకే మొత్తం శాతం చెప్పిన ప్రతిచోటా తీవ్రత విడగొట్టి చెప్పి తీరాలంటాను. అలాగని పాత నిర్వచనానికే వెళ్లిపోదామంటే మాత్రం ఒప్పుకోను. షుగర్, బీపీ విషయంలో హద్దు దగ్గరున్నవాళ్లను పిలిచి "జాగ్రత్త" అని చెప్పడం మనకి మామూలైపోయింది. అక్కడ తప్పనిపించనిది ఇక్కడ అవమానంగా ఎందుకనిపించాలి?

మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మా పెదనాన్న ఆఫీసులో అకౌంట్స్ చూసేవారు. సర్వీసంతా తాగి ఆఫీసుకి వెళ్లిన రోజు లేదు, ఒకరి దగ్గర మాట పడింది లేదు. రాత్రి ఎనిమిదికి వరండాలో కూర్చునేవారు. ఆయనకో గాజు గ్లాసు ఉండేది, దానికి నడుమ నీలం గీత. గీత దాకా మందు, ఆ పైన నీళ్లు. "నేను గీత దాటను రా" అని మాతో గర్వంగా చెప్పేవారు. నిజంగానే దాటేవారు కాదు. ఆ గ్లాసు రాత్రి ఎన్నిసార్లు నిండేదో మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు. రిటైరయ్యాక ఒకరోజు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రిలో చేర్చేటప్పుడు నర్సు ఫారం నింపుతూ "మందు అలవాటుందా అమ్మా?" అని అడిగింది. మా పెద్దమ్మ "అప్పుడప్పుడండీ, ఫంక్షన్లప్పుడు" అంది. నర్సు టిక్ పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆపరేషన్ బాగానే అయింది. మూడో రాత్రి మొదలైంది అసలు గొడవ. ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. దుప్పటి మీద ఏమీ లేకపోయినా "చీమలు రా, దులపండి, దులపండి" అంటూ గోళ్లతో గీకడం. నన్ను పట్టుకుని మా నాన్న పేరుతో పిలిచారు. సెలైన్ పీకేశారు. మత్తుమందు తేడా చేసిందేమో, వయసు మీద పడి మతి తప్పిందేమో అని మేం ఏడుస్తున్నాం. డ్యూటీ డాక్టరమ్మ వచ్చి, కాసేపు చూసి, పెద్దమ్మని వరండాలోకి తీసుకెళ్లి మెల్లగా అడిగింది. "అమ్మా, నేనెవరికీ చెప్పను. తాగే రోజున ఆయన ఎంత తాగుతారు?" అప్పుడు పెద్దమ్మ ఆ గ్లాసు సంగతి, గీత సంగతి, ఎన్ని గ్లాసుల సంగతి అన్నీ చెప్పింది. రోజూ పడే మందు ఆస్పత్రిలో ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల వచ్చిన గొడవ అది. వెంటనే చికిత్స మారింది, బీ1 విటమిన్ ఎక్కించారు. నాలుగైదు రోజులకి మనిషి తేరుకున్నారు.

పెద్దమ్మ నర్సుతో అబద్ధం చెప్పిందని నేననుకోను. ఆవిడ దృష్టిలో అలవాటు ఉండటమంటే తూలుకుంటూ ఇంటికి రావడం. ఆయన ఎప్పుడూ తూలలేదు. అడిగిన ప్రశ్నకి ఆవిడకి తెలిసిన నిజమే చెప్పింది. డాక్టరమ్మ ప్రశ్న మార్చింది కాబట్టి జవాబు మారింది.

ఇంటింటి సర్వేల్లో జరిగేది కూడా ఇదే. జనం మేం ఇంత తాగుతున్నాం అని చెప్పినదంతా కూడితే, చాలా దేశాల్లో అది అమ్ముడైన మద్యంలో సగం దగ్గరే ఆగిపోతుంది. మిగతా సగం ఎవరో తాగుతూనే ఉన్నారు కదా. పైగా ఇంటి తలుపు తట్టి అడిగే సర్వేకి ఇల్లు లేనివాడు దొరకడు, ఆస్పత్రిలో ఉన్నవాడు దొరకడు, జైల్లో ఉన్నవాడు దొరకడు. కొత్తగా జైలుకొచ్చినవాళ్ల మీద రకరకాల దేశాల్లో చేసిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే సుమారు నలుగురిలో ఒకరికి ఈ రోగం ఉంది. తీవ్రంగా ఉన్నవాళ్లే ఎక్కువగా జారిపోతారన్నమాట.

ఇంకొకటి మరుపు. "మీ జీవితంలో ఎప్పుడైనా" అని అడిగే సర్వేల గురించి నాకున్న అనుమానాన్ని న్యూజిలాండ్‌లోని డునెడిన్ అధ్యయనం బలపరిచింది. అక్కడ 1972–73లో పుట్టిన వెయ్యిమంది పిల్లల్ని పుట్టినప్పటినుంచి వెంబడిస్తున్నారు. 18, 21, 26, 32 ఏళ్ల వయసుల్లో, ఆయా ఏడాది సంగతులు ఆయా ఏడాదే అడిగి రాసుకున్నారు. 32 ఏళ్లు వచ్చేసరికి ఎప్పుడో ఒకప్పుడు మద్యానికి బానిసైన దశ ఉన్నవాళ్లు దాదాపు 32 శాతం తేలారు. వెనక్కి తిరిగి గుర్తు తెచ్చుకుని చెప్పమనే సర్వేల్లో వచ్చేదానికి ఇది రెట్టింపు. జనం దాచారని కాదు, మర్చిపోయారు. ఇరవై రెండేళ్లప్పుడు మానలేక కొట్టుకున్న ఏడాదిని నలభై ఏళ్ల మనిషి "అప్పట్లో కుర్రతనం" అని పక్కన పెట్టేస్తాడు.

అంకె కింద ఏముందో కూడా చూడాలి. వందకి ఏడుగురు అన్నప్పుడు ఆ వందలో అసలు మందు ముట్టనివాళ్లు కూడా ఉన్నారు. 2016 లెక్కల్లో ప్రపంచంలో 57 శాతం మంది ఆ ఏడాదిలో ఒక్క చుక్క కూడా తాగలేదు. తాగేవాళ్లలోనే చూస్తే ఏడు కాస్తా పదహారు దాకా పోతుంది, అంటే ఆరుగురిలో ఒకరు. దేశాలను పోల్చితే ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. అమెరికాలో ఇందాక చెప్పిన సర్వేలో ఏడాదిలో తాగినవాళ్లు 72.7 శాతం, రోగం 13.9 శాతం. తాగే ప్రతి అయిదుగురిలో ఒకరు. భారతదేశంలో ఢిల్లీ ఎయిమ్స్ చేసి 2019లో విడుదల చేసిన జాతీయ సర్వేలో తాగేవాళ్లు 14.6 శాతమే. కానీ సాయం అవసరమైన స్థాయిలో తాగేవాళ్లు 5.2 శాతం. తాగేవాళ్లలో ముగ్గురికొకరికి పైగా! రెండు సర్వేలూ రోగాన్ని కొలిచిన తీరు ఒకటి కాదు కాబట్టి అంకెకి అంకె పెట్టి పోల్చలేం. అయినా "మన దగ్గర తాగేవాళ్లు తక్కువ, సమస్యా తక్కువే" అనే ధీమాకి ఇందులో చోటు లేదు. తక్కువమంది తాగే చోట, తాగేవాడు గట్టిగా తాగుతున్నాడు.

రోగం పెరుగుతోందా తగ్గుతోందా అన్నదాని మీద పెద్దగా చెప్పను. అమెరికాలోనే రెండు జాతీయ సర్వేలు దాదాపు ఒకే పదేళ్ల కాలానికి ఒకటి బాగా పెరిగిందని, ఇంకొకటి కాస్త తగ్గిందని చెప్పాయి. ఒకే దేశం, ఒకే జనం. దీనిమీద ఆవేశపడి హెడ్డింగులు పెట్టేవాళ్లను నమ్మకపోవడం మంచిది.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇంకో అధ్యయనం. 1990లో జెఫ్రీ రోజ్, సైమన్ డే అనే ఇద్దరు పరిశోధకులు 32 దేశాల్లోని 52 చోట్ల జనం సగటున ఎంత తాగుతారో, వాళ్లలో మితిమీరి తాగేవాళ్లు ఎంతమందో పోల్చి చూశారు. సగటు ఎక్కడ ఎక్కువుందో అక్కడ మితిమీరినవాళ్లూ ఎక్కువే. రెండూ దాదాపు అతుక్కుని నడిచాయి. తాగుబోతులనే జాతి వేరే, లిమిట్‌లో తాగే మర్యాదస్తులు వేరే అనుకుంటాం కదా, అలా ఉంటే ఈ రెండూ ఇంతలా కలిసి కదలవు. ఒక ఊరి సగటు మనిషి ఇంకో పెగ్గు పెంచితే చివర్లో ఉన్నవాడు అంచు దాటతాడు. మందు రేటు, దొరికే టైము, ప్రకటనలు, పార్టీల్లో బలవంతం, ఇవన్నీ అందరికీ వర్తించే విషయాలే, అందుకే చివరివాడికీ వర్తిస్తాయి. "వాడి బలహీనత వాడిది" అని చేతులు దులుపుకోవడానికి కుదరదు.

ఇక నయం కావడం గురించి. మనకి తెలిసిన కథలన్నీ డీ-అడిక్షన్ సెంటర్ కథలే, అందులో సగం మళ్లీ మొదటికొచ్చిన కథలు. అక్కడికి చేరేది తీవ్రంగా ఉన్నవాళ్లు, మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు కాబట్టి అలా కనిపిస్తుంది. మామూలు జనంలో వెతికితే బొమ్మ వేరుగా ఉంది. 2001–02లో అమెరికాలో, అంతకుముందెప్పుడో మద్యానికి బానిసలైన నాలుగు వేలమందికి పైగా మనుషుల్ని ఇప్పుడెలా ఉన్నారని చూశారు. ఇంకా అదే స్థితిలో ఉన్నవాళ్లు నలుగురిలో ఒకరు. పూర్తిగా బయటపడ్డవాళ్లు 35.9 శాతం, అందులో సగం మంది అసలు ముట్టడం లేదు, మిగతావాళ్లు ప్రమాదం లేనంత తక్కువకి దిగారు. తక్కినవాళ్లు ఈ రెండింటి నడుమ ఉన్నారు. మొత్తంలో ఎప్పుడైనా ఏదైనా చికిత్స తీసుకున్నవాళ్లు నాలుగో వంతే.

దీన్ని చూసి "మరింకేం, వాళ్లంతట వాళ్లే మానేస్తారు" అనేవాళ్లుంటారు. బయటపడటానికి వాళ్లకి ఎన్నేళ్లు పట్టింది, ఆలోపు ఎన్ని ఉద్యోగాలు, ఎన్ని కాపురాలు పోయాయి అన్నది ఆ శాతాల్లో కనిపించదు. సాయం అందితే ఆ ఏళ్లు తగ్గేవి. అందడం లేదు. ఎయిమ్స్ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. చికిత్స లేక కాదు. కౌన్సెలింగ్ పనిచేస్తుంది. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులున్నాయి. 1994లోనే నాల్ట్రెక్సోన్‌కి అమెరికాలో దీనికోసం అనుమతి వచ్చింది. ఇవి ఉన్నాయని తాగేవాళ్ల ఇళ్లలో ఎంతమందికి తెలుసు?

కాబట్టి నేను కోరేది ఒకటే. బీపీ చూసినట్టు, వయసొచ్చిన ప్రతి మనిషినీ, వాలకం చూడకుండా, ఆడవాళ్లనీ మగవాళ్లనీ, మాస్టార్లనీ డ్రైవర్లనీ అందరినీ డాక్టరు తాగుడు గురించి అడగాలి. ఎలా అడగాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980ల్లోనే ఆరు దేశాల్లో పరీక్షించి పెట్టింది. ఆడిట్ అని పది ప్రశ్నల పత్రం, నలభై మార్కులకి. ఎనిమిది వచ్చిందంటే కూర్చోబెట్టి మాట్లాడాలి. అందులో మొదటి ప్రశ్నలు చూడండి: ఎన్నాళ్లకోసారి తాగుతారు, తాగిన రోజున ఎంత తాగుతారు, ఒక్క కూర్చోవడంలో ఆరు డ్రింకులు, అంతకు మించి తాగడం ఎంత తరచుగా జరుగుతుంది. "అలవాటుందా" అని ఎక్కడా లేదు.

ఇది చదివి ఎవరైనా ఈ రాత్రే మానేద్దామనుకుంటే, ఒక్క మాట. వారానికోసారి తాగేవాళ్లకి ఇబ్బంది లేదు. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువ మోతాదులో తాగుతూ, పొద్దున్నే వణుకు, చెమటలు వస్తున్నవాళ్లు మాత్రం ఒక్కసారిగా ఆపకండి. ఆపిన రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకి మా పెదనాన్నకి వచ్చినట్టు మతి చెదరవచ్చు, ప్రాణం మీదకి రావచ్చు. సైకియాట్రిస్టునో, దగ్గర్లో ఉన్న ఫిజీషియన్‌నో కలవండి. రోజుకి ఎంత తాగుతున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. వాళ్లు కొన్ని రోజులకి మందులిచ్చి, చూసుకుంటూ ఆపిస్తారు. ఇంట్లోవాళ్లు తోడు వెళ్తే, డాక్టరు అడిగినప్పుడు గ్లాసు సైజుతో సహా చెప్పండి.